బాక్స్‌వుడ్ అడిగేది గాలి

న్యూజెర్సీలోనో వర్జీనియాలోనో ఇల్లు కొనుక్కుంటే తాళంచెవులతో పాటు ఇంటిముందు నాలుగో ఆరో గుండ్రటి పచ్చటి బాక్స్‌వుడ్ పొదలు కూడా చేతికొస్తాయి. కిటికీల కింద ఒక వరస, మెట్లకి అటొకటి ఇటొకటి. ఏడాదంతా ఆకు రాల్చవు, జింకలు ముట్టుకోవు. మొదటి రెండేళ్ళు వాటి ఊసే ఎవరికీ పట్టదు. మూడో ఏడు ఒకవైపు గోధుమరంగు తిరుగుతుంది. అప్పుడు కంగారుపడి నీళ్ళు పోస్తారు, ఎరువు చల్లుతారు, ఎండిన కొసలన్నీ కత్తిరిస్తారు. ఈ మూడింటిలో ఏదో ఒకటి పొదని పూర్తిగా చంపేస్తుంది.

మన ఊళ్ళలో ప్రహరీ పక్కన పెంచే గోరింట, దురంతా కంచెల అలవాటు ఇక్కడ అడ్డొస్తుంది. వాటికి పాదు తవ్వాలి, మొదలు దగ్గర మట్టి గుల్ల చెయ్యాలి, సాయంత్రం అయ్యేసరికి నీళ్ళు పెట్టాలి, నెలకోసారి కత్తెర వెయ్యాలి. ఎంత కోస్తే అంత చిగురిస్తాయవి. బాక్స్‌వుడ్ తీరు వేరు. దీని వేళ్ళు నేలపైనుంచి కొద్ది అంగుళాల లోతులోనే పరుచుకుని ఉంటాయి; తవ్వితే తెగుతాయి, నీళ్ళు నిలిస్తే కుళ్ళుతాయి, మట్టి ఎగదోస్తే ఊపిరాడదు. పైన పొద మరీ దట్టమైతే లోపల తడి ఆరదు, తెగులు పుడుతుంది. కింద వేళ్ళకి గాలి, పైన కొమ్మల మధ్య గాలి. ఈ మొక్క సంరక్షణలో ఏ పని తీసుకున్నా చివరికి ఈ రెండిట్లో ఒకదానికోసమే.

రకాల సంగతి క్లుప్తంగా. పాత తోటల్లో కనిపించేవి రెండు: చెట్టంత ఎదిగే అమెరికన్ బాక్స్‌వుడ్, అంటే బక్సస్ సెంపర్‌వైరెన్స్, దానిలోనే ఏడాదికి అంగుళం రెండంగుళాలు మాత్రమే పెరిగే పొట్టి రకం సఫ్రూటికోసా, దీన్ని ఇంగ్లిష్ బాక్స్‌వుడ్ అంటారు. వర్జీనియాలోని విలియమ్స్‌బర్గ్ తోటల్లో మబ్బుల్లా ఉబ్బెత్తుగా కనిపించే అందం ఇంగ్లిష్ బాక్స్‌వుడ్‌దే. ఎండ కాసిన రోజు దాని దగ్గర పిల్లి మూత్రం లాంటి వాసన వస్తే భయపడకండి, అది ఆకు వాసనే. కొత్త ఇళ్ళ ముందు ఎక్కువగా ఉండేవి కొరియా, జపాను రకాలూ వాటి సంకరాలూ: వింటర్ జెమ్, గ్రీన్ వెల్వెట్, కోనులా నిలబడే గ్రీన్ మౌంటెన్. ఇవాళ కొత్తగా నాటేవాళ్ళు బ్లైట్ తెగులుని తట్టుకునే రకమే అడగాలి. న్యూజెన్ ఇండిపెండెన్స్, న్యూజెన్ ఫ్రీడమ్ అని వర్జీనియాలో రూపొందించినవి అందుకు బాగుంటాయి. ఇంగ్లిష్ బాక్స్‌వుడ్ అంటే ఎంత ఇష్టమున్నా కొత్తగా నాటమని చెప్పలేను. ఆ తెగులుకి అందరికంటే ముందు లొంగేది అదే.

నాటడం: సెప్టెంబరు చివర, అక్టోబరు

వసంతంలో నర్సరీలు నిండుగా ఉన్నా న్యూజెర్సీ నుంచి వర్జీనియా వరకూ నాటడానికి మంచి కాలం శరదృతువే. గాలి చల్లబడుతుంది, నేల ఇంకా వెచ్చగా ఉంటుంది. ఆకు మీద భారం లేకుండా వేరు ముందుకు పోతుంది.

ముందు నీరు ఇంకుతుందో లేదో చూడాలి. అడుగు లోతు గొయ్యి తీసి నీళ్ళు నింపండి. ఇంకిపోయాక మళ్ళీ నింపి, గంటకి ఎంత దిగుతుందో స్కేలు పెట్టి కొలవండి. గంటకి అంగుళం దిగితే నాటొచ్చు. దిగకపోతే ఆ చోట గొయ్యి తీసి ఎంత మంచి మట్టి నింపినా లాభం లేదు; చుట్టూ ఉన్న బంకమట్టి మధ్య ఆ గొయ్యి తొట్టిలా మారి నీళ్ళు పట్టుకుంటుంది. అలాంటి చోట 8 నుంచి 12 అంగుళాల ఎత్తు మడి కట్టి దాని మీద నాటాలి. కొత్త కాలనీల్లో ఈ పరీక్ష తప్పనిసరి. యంత్రాలు తిరిగి తిరిగి నేల రాయిలా అణిగిపోయి ఉంటుంది, పైన నాలుగంగుళాల మంచి మట్టి మాత్రం కప్పి ఉంచుతారు. పైకప్పు నీళ్ళు దిగే డౌన్‌స్పౌట్ నోరు పొద వైపు ఉంటే గొట్టం పొడిగించి నీటిని దూరంగా మళ్ళించండి. వరసలో ఒక్క మూల పొద మాత్రమే మళ్ళీ మళ్ళీ చచ్చిపోతుంటే కారణం చాలాసార్లు ఆ గొట్టమే.

గొయ్యి వెడల్పు వేరుముద్దకి రెండింతలు ఉండాలి, లోతు మాత్రం ముద్ద ఎత్తుకంటే తక్కువ. నాటాక ముద్ద పైభాగం చుట్టూ ఉన్న నేలకంటే అంగుళం రెండంగుళాలు ఎత్తుగా కనిపించాలి. ఆ ఎత్తు చూసి పల్లం చెయ్యాలనిపిస్తుంది, పాదు కట్టాలనిపిస్తుంది. చెయ్యకండి. నేల తర్వాత సర్దుకుని కాస్త దిగుతుంది. కుండీలో పెరిగిన మొక్కైతే గుండ్రంగా చుట్టుకున్న వేళ్ళని కత్తితో మూడు నాలుగు చోట్ల నిలువుగా గీసి విడదీయాలి. గోనెపట్టాలో వచ్చిన పెద్ద మొక్కైతే గోతిలో నిలబెట్టాక పైభాగంలోని తాడూ తీగా పట్టా కోసి తీసెయ్యాలి. తీసిన మట్టినే తిరిగి నింపండి.

గోడకి పొద మధ్యభాగానికి కనీసం 3 అడుగులు ఉండాలి. పొదకీ పొదకీ మధ్య దూరం ఆ రకం పూర్తిగా ఎదిగాక ఎంత వెడల్పవుతుందో దాన్నిబట్టి; గ్రీన్ వెల్వెట్‌తో కంచె కట్టాలంటే రెండున్నర నుంచి 3 అడుగులు. మొదటి ఏడు ఖాళీగా కనిపిస్తుంది. ఆ ఖాళీ భరించలేక దగ్గర దగ్గరగా నాటితే ఐదేళ్ళకి రెండు పొదలు రాసుకునే చోట ఎప్పుడూ తడే. పొద్దుటి ఎండ పడి మధ్యాహ్నం కాస్త నీడ ఉండే చోటు అన్నిటికన్నా మేలు.

మొదటి నెల వారానికి రెండుసార్లు, 3 గాలన్ల కుండీ మొక్కకి ఒక్కోసారి 2 గాలన్ల నీళ్ళు, మొక్క మొదలు దగ్గరే నెమ్మదిగా. తర్వాత నేల గడ్డకట్టేదాకా వారానికొకసారి. వాన పడిన వారం అక్కర్లేదు. ఎప్పుడైనా సందేహం వస్తే నాలుగంగుళాల లోతులో మట్టి తీసి పిసకండి. పదునుగా ఉంటే పైపు కట్టెయ్యండి. పచ్చిక కోసం పెట్టిన స్ప్రింక్లర్ రోజూ ఈ పొదల మీద కూడా పడుతుంటే దాని తల తిప్పెయ్యండి, లేదా ఆ వరసని డ్రిప్‌కి మార్చండి. ఈ వ్యాసంలో ఒక్క పనే చెయ్యగలిగితే ఇదే చెయ్యండి. వేరుకుళ్ళు, బ్లైట్ రెండూ ఆ స్ప్రింక్లర్ దారినే వస్తాయి.

మట్టి పరీక్షకి కూడా ఇదే సమయం. రట్గర్స్, పెన్ స్టేట్, వర్జీనియా టెక్ మట్టి పరీక్ష కేంద్రాలు ఇంటివాళ్ళ నమూనాలు కూడా తీసుకుంటాయి. బాక్స్‌వుడ్‌కి పీహెచ్ 6.5 నుంచి 7.2 మధ్య ఉండాలి. తూర్పు తీరపు నేలలు ఎక్కువగా పులుపు, అందుకే సున్నం అవసరం పడుతుంది. ఎంత అన్నది రిపోర్టు చెప్పినంతే. పక్కనే అజేలియా పూలపొద ఉంటే అది పులుపు నేల కోరుకుంటుంది కాబట్టి మడి మొత్తం మీద సున్నం చల్లెయ్యకూడదు.

ఎరువు నవంబరు చివర, లేదా వసంతం మొదట్లో. నెమ్మదిగా కరిగే రకం, 10-6-4 (నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) లాంటిది, 100 చదరపు అడుగులకి 1 పౌండు చాలు. 4 అడుగుల వెడల్పున్న ఒక పొదకి ఇది సుమారు 55 గ్రాములు, ఒక గుప్పెడు. మొదలుకి తగలకుండా కొమ్మల అంచు కింద చల్లి వదిలెయ్యాలి, తవ్వి కలపకూడదు. నాటిన ఏడాది అసలు వద్దు. జులై నుంచి నవంబరు నడుమ దాకా ఎట్టి పరిస్థితిలోనూ వద్దు; అప్పుడు తోసుకొచ్చే లేత చిగురు మంచుకి మాడిపోతుంది.

ఇక మల్చ్, అంటే నేల మీద పరిచే చెక్కపొట్టు పొర. అంగుళం మందం, పొద అంచు దాటి అడుగు వరకూ, మొదలు చుట్టూ నాలుగు వేళ్ళ జాగా ఖాళీ. తోటపనివాళ్ళు ఏటా వసంతంలో వచ్చి పాతదాని మీదే ఇంకో మూడంగుళాలు పోసి వెళ్తారు. నల్లగా, శుభ్రంగా కనిపిస్తుంది నిజమే. నాలుగేళ్ళయ్యేసరికి మొదలు అడుగు లోతున పూడిపోతుంది. వేళ్ళు గాలి కోసం ఆ మల్చ్‌లోకే పైకి ఎక్కుతాయి, మొదటి వేసవి ఎండకి ఎండిపోతాయి. చేత్తో తోడుతూ పోండి. కాండం వెడల్పై వేళ్ళుగా విడిపోయే చోటు వెలుగు చూసేదాకా తీసెయ్యండి.

మంచు కాలం

చలికాలంలో పొద ఎండిపోయేది చలికంటే దాహంతోనే ఎక్కువ. నేల గడ్డకడితే వేరు నీరు తీసుకోలేదు, పైన ఎండా గాలీ మాత్రం ఆకులోని నీటిని లాగుతూనే ఉంటాయి. దక్షిణం, నైరుతి వైపు ఆకులు రాగిరంగు, నారింజరంగు తిరిగేది అందుకే. మందు ముందుగానే ఉంది: నవంబరు చివర వచ్చే థాంక్స్‌గివింగ్ ముందు వానలు లేకపోతే ఒకసారి నిండుగా నీళ్ళు పెట్టి నేలకి పదును పట్టించాలి. గాలి బాగా కొట్టే మూలలో నాలుగు గుంజలు పాతి గోనెపట్టా కట్టండి. పట్టా ఆకుకి ఆనకూడదు, పైన తెరిచే ఉండాలి. ప్లాస్టిక్ షీటు మాత్రం కప్పకండి, లోపల ఎండకి ఉడికిపోతుంది.

మంచు మెత్తగా ఉన్నప్పుడు చీపురుతో కింది నుంచి పైకి ఎత్తి దులపాలి. పైనుంచి కొడితే కొమ్మ మొదట్లో చీలుతుంది. గట్టి ఐసు పట్టేస్తే అసలు తాకొద్దు, కరిగేదాకా ఆగాలి. పైకప్పు మంచు జారిపడే చోట ఉన్న పొదల్ని డిసెంబరులో మెత్తటి పురికొసతో కింది నుంచి మెలికలుగా వదులుగా చుట్టి, మార్చిలో విప్పెయ్యండి. డ్రైవ్‌వే మీద చల్లే ఉప్పుని పారతో మంచుతో సహా ఎత్తి పొదల మీదే పోస్తుంటారు. ఆ వైపు కొమ్మలు ఏప్రిల్లో మాడిపోతాయి. అక్కడ ఇసక వాడండి.

చలికి మాడిన ఆకు చూసి మార్చిలోనే కత్తెర పట్టుకోవద్దు. గోటితో బెరడు గీకండి. కింద పచ్చగా ఉంటే ఆ కొమ్మ బతికే ఉంది, మే దాకా ఆగితే చిగురిస్తుంది. మొదట్లో బెరడు నిలువునా చీలి విడిపోయి ఉంటే మాత్రం ఆ కొమ్మ అప్పటికి పచ్చగా కనిపించినా ఎండలు ముదిరాక ఎండిపోతుంది. వెచ్చటి శరత్తులో హఠాత్తుగా గడ్డకట్టే చలి పడ్డ ఏళ్ళలో ఇలా అవుతుంది.

ఫిబ్రవరి, మార్చి: చేత్తో తుంచడం

కత్తిరింపు పనులన్నిట్లోకీ ముఖ్యమైనది ఇదే. అందరూ వదిలేసేదీ ఇదే.

హెడ్జ్ ట్రిమ్మర్‌తో ఏటా పైపైన గీసేస్తే ప్రతి కొస దగ్గరా నాలుగైదు చిగుళ్ళు పుట్టి, కొన్నేళ్ళకి పొద మీద అంగుళం మందం ఆకు పెంకు తయారవుతుంది. కొమ్మలు విప్పి చూడండి, లోపల ఒట్టి పుల్లలు. వెలుగు పోదు, గాలి ఆడదు. రాలిన ఆకులు కొమ్మల పంగల్లో పేరుకుని, ఆ తడిలో కొమ్మలకే వేళ్ళు పుట్టుకొస్తాయి.

మంచు లేని, ఆకు పొడిగా ఉన్న రోజు చూసుకోండి. గడ్డకట్టే చలిలో కొమ్మలు పెళుసుగా ఉంటాయి, అప్పుడు ముట్టుకోవద్దు. పొద పైభాగంలో దట్టంగా ఉన్న ఒక కొమ్మని పట్టుకుని చేతిని లోపలికి 6 నుంచి 8 అంగుళాలు దించి, పంగ దగ్గర సికేచర్‌తో కత్తిరించండి. చిన్నవైతే చేత్తో విరిచినా చాలు. పిడికిలి పట్టే కన్నం పడుతుంది. ఇలా పొదంతా అక్కడక్కడా, పైన ఎక్కువ, పక్కల కాస్త తక్కువ. మొత్తం మీద పదో వంతు తీస్తే సరిపోతుంది. సరిగ్గా చేస్తే నాలుగడుగుల దూరం నుంచి చూసినవాళ్ళకి తేడా తెలియదు, కానీ మధ్యాహ్నం ఎండ చిల్లులు చిల్లులుగా లోపలి పుల్లల మీద పడుతుంది. ఆ ఎండ పడిన చోట వేసవికల్లా పచ్చటి మొటిమల్లాంటి చిగుళ్ళు వస్తాయి. వాటిని చూడటంలో ఉన్న సంతోషం ఇంతా అంతా కాదు.

తుంచడం అయ్యాక చేతులతో పొదని బాగా ఊపి, పంగల్లోని చెత్తంతా దులిపి, కింద రాలినదంతా ఊడ్చెయ్యండి. కిటికీని కప్పేసిన ముసలి పొదని చిన్నది చెయ్యాలన్నా ఇదే కాలం. ఒక్కసారి మొదలంటా నరకకుండా మూడో వంతు చొప్పున మూడేళ్ళలో దించాలి.

వసంతం: ఆకు తిప్పి చూడాలి

ఏప్రిల్ నాటికి ఆకు అడుగున బుడిపెలు, పొక్కులు కనిపిస్తే ఒక ఆకు కోసి గోటితో పొరలు విప్పండి. లోపల నారింజ, పసుపు రంగు చిన్న పురుగులు కదులుతుంటాయి. ఇది ఆకుతొలుచు పురుగు. శీతాకాలమంతా ఆకు రెండు పొరల మధ్యే బతుకుతుంది. మన దగ్గర కూరగాయ మొక్కల ఆకుల మీద తెల్లటి మెలికల గీతలు గీసే పురుగు తెలుసుగా, ఇది అలా గీతలు గీయదు, పొక్కు చేస్తుంది. ఏప్రిల్ చివరి నుంచి మే నడుమ, వైగెలా అనే పూలపొద పూసే రోజుల్లో, నారింజరంగు దోమల్లాంటి ఈగలుగా బయటికొచ్చి పొద చుట్టూ ముసురుతాయి. కొద్ది రోజులే బతికి లేత ఆకుల్లో గుడ్లు పెట్టి పోతాయి. ఏడాదికి ఒక్కటే తరం. దీని బలహీనత అదే. ఈగలు రాకముందు ఏప్రిల్లో పొక్కులున్న కొసల్ని, లేదా గుడ్లు పెట్టేశాక జూన్‌లో కొత్త చిగురు కొసల్ని కత్తిరించి సంచిలో కట్టి పారేస్తే పురుగుల్లో పెద్ద భాగం పోతుంది. ఇమిడాక్లోప్రిడ్ అనే పురుగుమందు నేలలో పోసే పద్ధతి ఉంది గాని, బాక్స్‌వుడ్ పూలకి తేనెటీగలు వస్తాయి. మేరీల్యాండ్, న్యూజెర్సీలలో ఇంటి తోటలకి దాన్ని మామూలు కొనుగోలుదారులకు అమ్మరు కూడా. కత్తిరింపుతో పోయేదానికి ఆ మందు అక్కర్లేదనే నా అభిప్రాయం.

కొసల్లో ఆకులు దోసిలిలా ముడుచుకుని, విప్పితే తెల్లటి మైనపు దారాలు కనిపిస్తే అది సిల్లిడ్. చూడ్డానికి బాగోదు, మొక్కకి హాని చాలా తక్కువ. వదిలెయ్యండి, లేదా ఆ కొసలు తుంచెయ్యండి. ఆకు పైన సన్నటి తెల్ల గీతలు, చుక్కలు ఉంటే నల్లి. తెల్లకాగితం కొమ్మ కింద పెట్టి రెండుసార్లు తట్టండి. మిరియం పొడిలాంటి చుక్కలు పాకితే అదే. పైపుతో ఆకు అడుగున గట్టిగా నీళ్ళు కొట్టడం, అదీ పొద్దున్నే, లేదా 2 శాతం హార్టికల్చరల్ ఆయిల్ చల్లడం సరిపోతుంది.

వీటన్నిటికంటే భయపడాల్సింది బాక్స్ ట్రీ మాత్. తూర్పు ఆసియా నుంచి వచ్చి 2007లో యూరప్‌లో బయటపడింది, 2018లో టొరంటోలో, 2021లో న్యూయార్క్ రాష్ట్రం నయాగరా ప్రాంతంలో కనిపించింది. పచ్చటి ఒంటి మీద నల్ల చారలు, నల్లటి తల ఉన్న గొంగళి పురుగు. గూళ్ళు అల్లుకుని పొద లోపలి నుంచి తింటుంది కాబట్టి బయటికి తెలిసేసరికి సగం పోతుంది. ఆకుల మధ్య బూజుదారాలు, ఆకుపచ్చ గుళికల్లాంటి రెట్ట కనిపిస్తే వెంటనే చేత్తో ఏరెయ్యండి. ఎక్కువుంటే పురుగులు చిన్నగా ఉన్నప్పుడే బీటీ కుర్‌స్టాకీ అనే బాక్టీరియా మందు పొద లోపలికి దిగేలా చల్లాలి. మీ రాష్ట్ర వ్యవసాయ శాఖకి ఫోటోతో తెలపండి. ఇది కనిపించిన ఊరి నుంచి మొక్క గాని కొమ్మ గాని ఇంకో ఊరికి తీసుకెళ్ళకండి.

వేసవి: కత్తెర, బ్లైట్

ఆకారం కోసం గీసే పని మే చివర నుంచి జూన్ నడుమ, మొదటి చిగురు ముదిరి రంగు చిక్కబడ్డాక. మబ్బు పట్టిన పొడి రోజు మంచిది. తీక్షణమైన ఎండలో గీస్తే అప్పటిదాకా నీడలో ఉన్న ఆకులు మాడతాయి. కంచె కింద వెడల్పుగా, పైన సన్నగా ఉండాలి, లేదంటే కింది ఆకుకి వెలుగు అందదు. ముందే పాత దుప్పటి పరిచి, రాలిందంతా ఎత్తెయ్యండి. ఆగస్టు నడుమ దాటాక కత్తెర లోపల పెట్టెయ్యాలి. చిగురు ముదరడానికి ఆరేడు వారాలు పడుతుంది, అక్టోబరులో మొదటి మంచు పడుతుంది.

ఇక బ్లైట్. దీని కారకం కలోనెక్ట్రియా సూడోనావిక్యులేటా అనే శిలీంధ్రం. అమెరికాలో 2011లో నార్త్ కరోలినా, కనెక్టికట్‌లలో మొదట గుర్తించారు. 64 నుంచి 77 ఫారెన్‌హీట్ వెచ్చదనం, ఆకు మీద గంటల తరబడి తడి, ఈ రెండూ కలిస్తే చాలు. ముందు ఆకు మీద ముదురు గోధుమరంగు గుండ్రటి మచ్చలు, తర్వాత లేత కాడల మీద నల్లటి చారలు, ఆపైన కింది కొమ్మల నుంచి ఆకు జలజలా రాలిపోవడం. వారం పది రోజుల్లో పొద బోసిపోతుంది. ఈ నల్ల చారలే గుర్తు పెట్టుకోవలసినవి.

దీన్ని వొల్యుటెల్లా అనే ఇంకో తెగులుతో పొరబడతారు. వొల్యుటెల్లాలో ఆకు గడ్డి రంగుకి ఎండి కొమ్మకే అంటుకుని ఉంటుంది, తడి రోజుల్లో ఆకు అడుగున గులాబీ ఛాయ ముద్దలు కనిపిస్తాయి. గాయపడ్డ, చలికి దెబ్బతిన్న కొమ్మల మీదే వస్తుంది. ఎండిన కొమ్మలు తీసి, పొద పలచన చేస్తే తగ్గిపోతుంది. బ్లైట్ అలా తగ్గదు. దాని బీజాలు జిగురుగా ఉండి వాన చినుకులతో, కత్తెరతో, బూట్లతో, కుక్క బొచ్చుతో కూడా పాకుతాయి. రాలిన ఆకుల్లో ఐదేళ్ళకి పైగా బతికుంటాయి.

అనుమానం వస్తే రెండు కొమ్మలు జిప్‌లాక్ సంచిలో మూసి మీ కౌంటీ ఎక్స్‌టెన్షన్ ఆఫీసుకి (వ్యవసాయ సలహా కేంద్రానికి) చూపించండి. నిర్ధారణ అయితే ఆ పొదని పెరికి, అక్కడే రెండు సంచుల్లో కట్టి చెత్తలో వెయ్యాలి. కంపోస్టులో వేస్తే తెగుల్ని దాచుకున్నట్టే. రాలిన ఆకూ పైమల్చూ కూడా ఎత్తెయ్యాలి. కత్తెర మొదలైనవాటిని 70 శాతం ఆల్కహాల్‌తో, లేదా ఒక వంతు బ్లీచికి తొమ్మిది వంతుల నీళ్ళు కలిపి తుడవాలి. తోటపనివాళ్ళ ట్రిమ్మర్‌ని కూడా మన ఇంట్లో మొదలుపెట్టేముందు తుడవమని అడగడానికి మొహమాటపడకండి, పొద్దున్న వాళ్ళు ఇంకో పది ఇళ్ళ పొదలు గీసి వచ్చి ఉంటారు. పక్కన మిగిలిన మంచి పొదలకి క్లోరోథలోనిల్ ఉన్న మందు, సీసా మీద చెప్పినట్టు 7 నుంచి 14 రోజులకొకసారి, వానలు పడే వెచ్చటి రోజుల్లో చల్లొచ్చు. అది రాకుండా ఆపేదే, వచ్చినదాన్ని నయం చేసేది కాదు. పాకిసాండ్రా, సార్కోకోకా మొక్కలకీ ఇదే తెగులు సోకుతుంది. డిసెంబరులో తలుపుకి కట్టే పచ్చటి తోరణాల్లో బాక్స్‌వుడ్ కొమ్మలుంటే, పండగయ్యాక వాటినీ సంచిలో కట్టే పారెయ్యాలి.

పసుపు ఎక్కడ మొదలైంది?

పొద పసుపెక్కిందని చెప్తే సరిపోదు, ఎక్కడ అన్నది చూడాలి. లోపలివైపు పాత ఆకులు మాత్రమే పసుపై రాలితే అది మామూలే, ఆకు ఆయుష్షు మూడేళ్ళు. కింది ఆకులన్నీ వెలిసిపోయి, చిగురు కూడా చిన్నగా వస్తుంటే నత్రజని తక్కువ. ఒకటి రెండు కొమ్మలు మొత్తంగా పాలిపోయి, ఆకు అంచులు లోపలికి ముడుచుకుంటే వేరుకుళ్ళు. మొదట్లో గీకితే బెరడు ఊడి వస్తుంది, కింద ముదురు గోధుమరంగు. దానికి నీళ్ళు పోస్తే ఇంకా తొందరగా పోతుంది. రోడ్డు వైపు కింది భాగంలో మాత్రమే నల్లబడితే వీధిలో నడిచే కుక్కల మూత్రం. చాలామంది ఏ పసుపుకైనా ఎప్సమ్ సాల్ట్ వేస్తారు. మట్టి పరీక్షలో మెగ్నీషియం తక్కువని వస్తే తప్ప అది వృథా.

డాలస్ వైపు ఉన్నవాళ్ళకి లెక్క తలకిందులు. అక్కడి నల్లమట్టి ముందే క్షారం, సున్నం జోలికే పోకూడదు. చిగురాకు పసుపై ఈనెలు మాత్రం పచ్చగా మిగిలితే ఇనుము అందట్లేదని. ఈడీడీహెచ్ఏ రూపంలో ఉన్న చిలేటెడ్ ఐరన్ మాత్రమే అలాంటి నేలలో పని చేస్తుంది. పడమటి ఎండ తగిలే గోడ పక్కన నాటకుండా ఉంటే సగం బాధ తప్పుతుంది.

వేరుకుళ్ళుతో పోయిన పొద స్థానంలో మళ్ళీ బాక్స్‌వుడ్ పెట్టకండి, ఆ తెగులు మట్టిలోనే ఉంటుంది. అక్కడికి ఇంక్‌బెర్రీ హోలీ నాటండి. ఆకు దాదాపు ఇలాగే ఉంటుంది, బ్లైట్ సోకదు. దానికి పులుపు నేల, తడి నేల ఇష్టం. బాక్స్‌వుడ్ కోసం అక్కడ సున్నం వేసి ఉంటే ముందు మట్టి మళ్ళీ పరీక్ష చేయించండి. వెయ్యకపోయి ఉంటే, డౌన్‌స్పౌట్ మూల ఉన్నది ఉన్నట్టుగానే దానికి సరిపోతుంది.